ఇంట్లో ఇంకెవరున్నారు? తిరుపతి, మదనపల్లె దారుల్లో అయిదు రోజులు

మొదటి రోజు: తిరుపతి

నారాయణాద్రి తిరుపతి చేరేసరికి బాగా తెల్లవారింది. ప్లాట్‌ఫాం మీద గుండు చేయించుకుని ఊళ్లకు తిరిగిపోతున్నవాళ్లు, కొండ ఎక్కబోయేవాళ్లు కలగలిసి ఉన్నారు. స్టేషన్ బయట అన్న స్కూటర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిరుడు ఏప్రిల్‌లో చూసినప్పుడు చొక్కా ఆయన భుజాల మీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతుండేది. ఇప్పుడు కొంచెం బొజ్జ వచ్చింది. ఆ బొజ్జ చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈ ఫిబ్రవరిలో నేను వచ్చింది ఒక మొక్కు కోసం. మా మేనకోడలికి పదమూడేళ్లు. మెడ పక్కన లేచిన గడ్డలకు ఆరు నెలల పాటు టీబీ మందులు వాడి, జనవరి చివర్లో కోర్సు ముగించింది. పాపకు నయమైతే అలిపిరి నుంచి మెట్లెక్కి వస్తామని వదిన మొక్కుకుంది. నేనూ ఎక్కుతానన్నాను. ఎక్కేముందు ఇంకొక పని కూడా పెట్టుకున్నాను. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోని టీబీ ఆసుపత్రిలో మా తాత (అమ్మ నాన్న) 1954లో కొన్ని నెలలు ఉన్నాడు. ఆ చోటు నేనెప్పుడూ చూడలేదు. చూడాలనిపించింది.

అన్న ఇల్లు కొర్లగుంటలో. రెండు గదులు, మధ్యలో వంటిల్లు, వెనక వైపు కిటికీకి అడుగు దూరంలో పక్కింటి గోడ. ఆయన ఒక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేస్తాడు. నిరుడు సంక్రాంతి తర్వాత దగ్గు పట్టుకుంది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో చూపించుకుంటే ఏసీ గాలి వల్ల అన్నారు. సిరప్ రాశారు. తర్వాత దుమ్ము వల్ల అన్నారు, ఇంకో సిరప్, యాంటీబయాటిక్. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి చెమటలకు దిండు తడిసేది. ఇలా మూడు నెలలు గడిచాయి. ఏప్రిల్‌లో తెమడలో రక్తం చార పడ్డాక ఎక్స్‌రే తీసి టీబీ అని తేల్చి, మందులు చీటీ మీద రాసిచ్చారు. అప్పుడు వదిన ఒకే ఒక్క మాట అడిగిందట: "సార్, పాపకేమైనా పరీక్షలు చేయించాలా?"

"పుట్టగానే బీసీజీ వేయించారు కదా, ఏం కాదు" అన్నాడట ఆ డాక్టర్.

బీసీజీ అంటే పుట్టగానే వేసే టీబీ టీకా. వదిన నమ్మింది. మనమైనా నమ్ముతాం. అయినా ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తోంది. టీబీ కేసు దొరికితే ప్రైవేటు డాక్టరైనా సరే ప్రభుత్వానికి తెలపాలని 2012 నుంచే నియమం ఉంది. తెలిపి ఉంటే ఎవరో ఒకరు ఇంటికి వచ్చేవారు. పాప బరువు చూసేవారు, మెడ తడిమేవారు. ఎవరూ రాలేదు. జులైలో పాప జడ వేసుకుంటుంటే వదిన చేతికి గడ్డ తగిలింది. మొదట గవదబిళ్లలనుకుని పసుపు పట్టించారు. మూడు వారాలకు అది రెండయింది. మా అమ్మ ఫోన్‌లో విని వెంటనే "గండమాల కాదు గదా?" అంది. మెడ గడ్డల టీబీకి అది పాత పేరు, పాతకాలం వాళ్లకు తెలుసు. గవర్నమెంటు ఆసుపత్రిలో సూదితో నీరు తీసి పరీక్ష చేశారు. అక్కడి నర్సు కాగితం మీద పేరు, వయసు రాసుకుంటూ తల ఎత్తకుండానే అడిగింది: "ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా? ఇంట్లో ఎవరెవరున్నారు?"

ఏడు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే.

రాత్రి భోజనాల దగ్గర వదిన ఇంకో సంగతి చెప్పింది. మందుల స్ట్రిప్పులు కందిపప్పు డబ్బాలో, పప్పు కింద దాచేదట. పక్కింటివాళ్లు వచ్చినప్పుడు బయట కనబడకూడదని. అడిగినవాళ్లకు టైఫాయిడ్ అని చెప్పింది. "ఆడపిల్ల కదా, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరో ఒకరు ఎత్తి చూపిస్తారు" అంది. మెడ గడ్డల టీబీ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా పప్పు డబ్బా మాత్రం మారలేదు. మందు మొదలుపెట్టిన తెల్లారి పాపకు మూత్రం ఎర్రగా వచ్చి, రక్తమనుకుని బాత్రూంలోనే ఏడ్చిందట. రిఫాంపిసిన్ వేసుకుంటే అలా వస్తుందనీ, భయపడనక్కర్లేదనీ ముందే చెప్పి ఉంటే ఆ ఏడుపు ఉండేది కాదు.

రెండో రోజు: కొర్లగుంట వీధులు

పొద్దున్నే ఆశా అక్క, అంటే ఆ వీధులు చూసే ఆశా కార్యకర్త, వచ్చింది. పాప కోర్సు నడిచిన ఆరు నెలలూ వారం వారం వచ్చి స్ట్రిప్పులు లెక్కపెట్టిన మనిషి. గులాబీ రంగు చీర, భుజానికి సంచి, చేతిలో రెండు రిజిస్టర్లు. తనతో తిరుగుతానంటే కాసేపు ఆలోచించి, "వాళ్లు సరేనంటేనే లోపలికి రావాల. పేర్లు రాసుకోవద్దు" అంది. రాసుకోలేదు.

మొదటి ఇంట్లో ఒక పెద్దాయన. మూడు వారాల దగ్గు. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా పరీక్ష చేయించాల్సిందే. ఆశా అక్క సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, దాని మీద పేరు రాసింది. మూత మీద ఎందుకు రాయలేదని అడిగాను. "ల్యాబ్‌లో మూతలన్నీ తీసి పక్కన పెడతారు. అప్పుడు ఎవరి మూత ఎవరిదో ఎట్ల తెలుస్తుంది మా?" అంది. పెద్దాయన అక్కడే ఉమ్మబోయాడు. ఆమె ఆపింది. "ఇంట్లో వద్దు నాయనా. బయట, ఎండలో, మనుషుల్లేని పక్క. ఉమ్మి కాదు, తెమడ కావాల. మూడుసార్లు లోతుగా ఊపిరి తీసుకో, మూడోసారి రొమ్ములోంచి దగ్గి తెప్పించు." తాను గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఆయనకు వెనకగా నిలబడింది. ఇప్పుడొకటి, రేపు పొద్దున నిద్ర లేవగానే ఇంకొకటి, రెండు డబ్బాలు. వెనకటిలా మైక్రోస్కోపు కింద పెట్టి వెతకడమే కాదు, ఇప్పుడు ట్రూనాట్ లాంటి యంత్రాలు క్రిమి జన్యువునే పట్టేస్తున్నాయి. మందుకు లొంగని రకమా కాదా అన్నదీ తొందరగా తేలుతుంది. ఇంత యంత్రం ఉన్నా అంతా ఆ డబ్బాలో పడింది తెమడా ఉమ్మా అన్నదాని మీదే ఆధారపడి ఉంది. ఆ తేడా చెప్పేది నెల జీతం కూడా లేని ఈమె. ఈమెకు వచ్చేది గౌరవ వేతనం.

రెండో ఇంట్లో పని కష్టమైంది. భర్తకు ఊపిరితిత్తుల టీబీ. నెల నుంచి మందు వాడుతున్నాడు, తేరుకుంటున్నాడు. నాలుగేళ్ల కొడుకు గడపలో కూర్చుని బొమ్మ కారు తోస్తున్నాడు. వాడికి జబ్బు లేదని పరీక్షల్లో తేలింది. అయినా రాకుండా ఉండటానికి మాత్రలు ఇచ్చారు. తల్లి నాలుగు రోజులుగా వేయడం లేదు.

"పిల్లోడు బాగానే ఉండాడు కదక్కా. లేని జబ్బుకి మందెందుకు మింగించాల?"

ఆశా అక్క వాడి పక్కన గడప మీద కూర్చుంది. "మీ నాయన వాళ్లకి పల్లెలో గడ్డివామి ఉండాది కదా. పక్కన వామి అంటుకుంటే మీ నాయన ఏం చేస్తాడు? అంటుకునేదాకా చూస్తా ఉంటాడా?"

"నీళ్లు చల్లతాడు."

"ఏ వామి మీద?"

ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. కాసేపటికి లోపలికి వెళ్లి, మాత్ర తెచ్చి, చెంచాలో వేసి నీళ్లతో నలిపింది.

ఊపిరితిత్తుల టీబీ ఉండీ మందు వాడని మనిషి ఏడాదిలో పది, పదిహేను మందికి క్రిమిని అంటించగలడు. అంటిన ప్రతివాళ్లకూ జబ్బు రాదు. ప్రపంచంలో నాలుగో వంతు జనం ఒంట్లో ఆ క్రిమి ఏదో ఒక కాలంలో చేరే ఉంటుందంటారు. వాళ్లలో నూటికి అయిదు నుంచి పది మందికే జీవితకాలంలో ఎప్పుడో జబ్బు బయటపడుతుంది. అయితే అయిదేళ్లలోపు పిల్లలకు, ఒంట్లో బలం లేనివాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. అందుకే ఒక ఇంట్లో ఒకరికి టీబీ అని తేలగానే మిగతావాళ్లను చూడాలి. జబ్బు ఉంటే మందు మొదలుపెట్టాలి, లేకపోతే రాకుండా మందు ఇవ్వాలి. వెనక మన దేశంలో ఈ ముందుజాగ్రత్త మందు అయిదేళ్లలోపు పిల్లలకే ఇచ్చేవారు. 2021 నుంచి ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకూ ఇవ్వాలన్నారు. రోజుకొకటి చొప్పున ఆరు నెలలు ఒక పద్ధతి, వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు ఇంకో పద్ధతి. మా మేనకోడలి ఇంటికి ఏప్రిల్‌లోనే ఎవరైనా వచ్చి ఉంటే ఆ పన్నెండు వారాలు జులైకల్లా అయిపోయేవి. గడ్డ చేతికి తగిలింది జులైలోనే. నేను ఈ లెక్క చాలాసార్లు వేసుకున్నాను.

మూడో రోజు: భాకరాపేట కనుమ మీదుగా

పొద్దున ఆరున్నరకు మదనపల్లె బస్సు. చంద్రగిరి కోట కనబడి వెనక్కి పోయింది. భాకరాపేట కనుమలో బస్సు నెమ్మదించి, కిటికీలోంచి చల్లగాలి కొట్టింది. పీలేరులో ఒక కాలేజీ పిల్ల ఎక్కి నా సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది. పొట్టి చేతుల డ్రెస్సు. ఎడమ భుజం మీద గుండ్రటి చిన్న మచ్చ. నా భుజం మీదా ఉంది. అన్నకూ ఉంది, పాపకూ ఉంది. బస్సులో ముప్పాతిక మందికి ఉండే ఉంటుంది.

ఆ మచ్చ మన దేశంలో మొదలైంది ఆ బస్సు పోతున్న ఊళ్లోనే. 1948 ఆగస్టులో బీసీజీ టీకాను ప్రయోగాత్మకంగా వేయడం మదనపల్లెలో మొదలుపెట్టారు. 1950 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో టీకా వేసినవాళ్లనూ వేయనివాళ్లనూ ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం ఆరోగ్యవరం నుంచే నడిచింది. తర్వాత 1968లో, ఇప్పటి తమిళనాడులోని తిరువళ్లూరు చుట్టూ చాలా పెద్ద పరీక్ష మొదలైంది. చెంగల్పట్టు ట్రయల్ అని పేరు. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపలేకపోయిందని ఆ ఫలితాలు చెప్పాయి. పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే టీబీ, ఒళ్లంతా పాకే టీబీ, ఈ రెండింటి నుంచి మాత్రం అది బాగానే కాపాడుతుంది. అందుకే నేటికీ పుట్టిన వెంటనే వేస్తారు, వేయాలి కూడా. కానీ పన్నెండేళ్ల పిల్ల, పక్క గదిలో తండ్రి మూడు నెలలు దగ్గుతున్న ఇల్లు... "బీసీజీ వేయించారు కదా" అన్న మాటకు అక్కడ విలువ లేదు. వదినకు ఆ మాట చెప్పిన చోటికీ, ఆ టీకా సత్తా ఎంతో దశాబ్దాల కిందటే పరీక్షించి చూసిన ఊరికీ మధ్య మూడు గంటల బస్సు ప్రయాణం. అంతే దూరం.

మదనపల్లెలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, ఫిబ్రవరిలో కూడా మధ్యాహ్నం గాలి చల్లగానే ఉంది. ఆ చల్లదనం, పొడిగాలి చూసే ఇక్కడ శానిటోరియం, అంటే టీబీ రోగులను నెలల తరబడి ఉంచి చూసే ఆసుపత్రి, పెట్టారు. వేర్వేరు మిషన్లు కలిసి పెట్టినది కాబట్టి యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం అన్నారు. 1915 నాటికి ఈ ఆవరణలోకి వచ్చింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్-మోలర్ మొదటి సూపరింటెండెంట్. తర్వాతి కాలంలో ఆయన కొడుకు యోహాన్నెస్ కూడా ఇక్కడే పనిచేశాడు. ఆరోగ్యవరం అన్న పేరు ఎంత బాగా అతికిందంటే, ఇప్పుడది ఊరి పేరే అయిపోయింది. ఇప్పుడిక్కడ అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి నడుస్తోంది.

చెట్ల కింద చాలాసేపు కూర్చున్నాను. తాత ఏ వార్డులో ఉన్నాడో కనుక్కోవాలని రాలేదు, అడగలేదు కూడా. మా అమ్మ చెప్పిన కథ మాత్రం మనసులో తిరిగింది. పొద్దున ఎండ, మధ్యాహ్నం కదలకుండా పడుకోవడం, గుడ్లు, పాలు, స్ట్రెప్టోమైసిన్ సూదులు, నోట్లో పెట్టుకోలేని చేదు పొడి. ఆ పొడి పేరు పీఏఎస్. మందులు రాకముందు కొందరికి సూదితో రొమ్ములోకి గాలి ఎక్కించి, జబ్బు పడిన ఊపిరితిత్తిని కుంచింపజేసి విశ్రాంతి ఇచ్చేవాళ్లు. మాకు తెలిసిన ముసలివాళ్లు దాన్ని "గాలి పెట్టడం" అనేవాళ్లు. అవ్వ వారానికోసారి నీరుగట్టువారిపల్లె నుంచి నడిచి వచ్చి, చెట్టు కింద కూర్చుని దూరం నుంచే మాట్లాడి వెళ్లేదట.

ఇలాంటి శానిటోరియంల రోజులు ఎలా ముగిశాయో తెలిశాక నాకు ఈ చోటు మీద గౌరవం ఇంకా పెరిగింది. 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ (మందులతో వైద్యం) సెంటర్ పెట్టారు. అక్కడ 193 మంది రోగులను చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపును శానిటోరియంలోనూ ఇంకో గుంపును వాళ్ల ఇళ్లలోనూ ఉంచి, ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చారు. ఇళ్లంటే మద్రాసు పేటల్లోని ఇరుకు ఇళ్లే. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. మందు పడుతున్నంత కాలం ఇంట్లోవాళ్లకు అదనపు ముప్పు కూడా కనబడలేదు. ఆ ఒక్క అధ్యయనంతో ప్రపంచమంతటా టీబీ వైద్యం ఆసుపత్రి మంచం వదిలి ఇంటికి చేరింది. పేద దేశాలకు అది వరమైంది. అంతమందికి మంచాలు ఎక్కడ తెస్తాం?

కానీ వైద్యం ఇంటికి చేరినంత వేగంగా ఇంటిని చూసే మనిషి చేరలేదు. నా బాధంతా ఇదే.

నాలుగో రోజు: నీరుగట్టువారిపల్లె, చిత్తూరు

రాత్రి మా చిన్నమ్మమ్మ కొడుకు ఇంట్లో పడుకున్నాను. వరసకు మామ. పట్టుచీరలు నేస్తాడు. ఆ పేటలో తెల్లారేసరికి మగ్గాల చప్పుడు మొదలవుతుంది. ముందుగదిలో సగానికి పైగా మగ్గమే. మిగిలిన సగంలో మంచం, బీరువా, టీవీ. మామ మగ్గంలో కూర్చుంటూ కిటికీ రెక్క మూశాడు. గాలికి పట్టుపోగులు చెదురుతాయి, దుమ్ము పడితే చీర ధర పోతుంది. పోగుకు మేలు చేసే గది ఊపిరితిత్తులకు మేలు చేయదు. టీబీ క్రిమి ఎండకు చస్తుంది, గాలి ఆడితే చెదిరిపోతుంది, మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంటుంది.

తాత నేసింది ఇలాంటి గదిలోనే. ఆరోగ్యవరంలో చేరకముందు రెండేళ్లు అదే గదిలో దగ్గాడు. ఆ గదిలోనే ఆయన చెల్లెలు కండెలు చుట్టేది. పదహారేళ్ల పిల్ల. తాత ఆరోగ్యవరంలో చేరేనాటికే ఆమె మంచం పట్టింది. తాత బతికి వచ్చాడు, నన్ను ఎత్తుకుని తిప్పాడు. ఆమె ఆ ఏడు దీపావళి చూడలేదు. ఆమె ఫోటో లేదు. మా ఇంట్లో ఆమె పేరు ఎవరికీ పెట్టలేదు. మామ చెప్పేదాకా ఆమె కండెలు చుట్టేదన్న సంగతి కూడా నాకు తెలియదు. దగ్గుతున్న మనిషికి ఆమె కూర్చునే పీట ఎంత దూరమో మామ చేత్తో చూపించాడు. రెండు మూరలు.

తాత తిరిగి వచ్చాక అవ్వ చేసిన పని ఒకటుంది. కిటికీ రెక్కలు ఊడదీయించి పొయ్యిలో పెట్టేసింది. ఇక మూయడానికి ఏమీ లేకుండా. నేత పాడవుతుందని తాత గొడవపడ్డాడట. "పాడైపోనీ" అందట. ఆమెకు క్రిమి గురించి ఎవరు చెప్పారో తెలియదు.

మధ్యాహ్నం అత్త రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, ఆకుకూర పప్పు పెట్టింది. గుడ్డు కూడా వేసింది. అవ్వ కాలంలో తాతకు ఆసుపత్రిలో గుడ్లూ పాలూ దొరికేవి, ఇంట్లో అవ్వా పిల్లలూ సంగటి, గొడ్డుకారంతో గడిపారు. తిండి తక్కువైన ఒంట్లో ఈ జబ్బు తొందరగా పైకి లేస్తుందన్నది ఊళ్లలో అందరికీ తెలిసిన మాటే. దాన్ని లెక్కలతో నిరూపించింది మాత్రం ఈమధ్యే. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా జరిగిన రేషన్స్ అనే అధ్యయనంలో టీబీ రోగుల ఇళ్లలోని 10,345 మందిని గమనించారు. కొన్ని ప్రాంతాల్లో ఇంట్లోవాళ్లందరికీ నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. పెద్దవాళ్లకైతే మనిషికి అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. అంతే. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కొత్త టీకా లేదు, ఖరీదైన మందు లేదు. పప్పూ బియ్యం. 2023లో ఆ ఫలితాలు చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అవ్వ.

ప్రభుత్వం రోగి ఖాతాలో పోషణ కోసం వేసే డబ్బు 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబర్ నుంచి 1,000 అయింది. పాపకు వచ్చిన డబ్బుతో వదిన గుడ్లు, చెనిక్కాయలు కొనేది. మంచిదే. ఆ గుడ్లు పాపకు మాత్రమే పెట్టి తాను తినలేదని కూడా నాకు తెలుసు. ఇంట్లో అందరి పళ్లెం గురించీ ఆలోచించాలి.

సాయంత్రం తిరుగు ప్రయాణం పుంగనూరు, పలమనేరు మీదుగా చిత్తూరు. చిత్తూరు దగ్గర గ్రానైట్ కోసే షెడ్ల ముందు రోడ్డు తెల్లగా ఉంది. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే టీబీ అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము చాలా తగ్గుతుంది. ఒక షెడ్డులో నీళ్ల పైపు ఆన్ చేసి కోస్తున్నారు, దాని పక్క షెడ్డులో మనిషి తువ్వాలు ముక్కుకు చుట్టుకుని పొడిగానే కోస్తున్నాడు. బస్సు ఆగలేదు. చూసింది అంతే.

తిరుపతి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. తెల్లారి మెట్లెక్కాలి కాబట్టి వదిన పులిహోర కలిపి పెట్టి, పాపకు కొత్త పావడా తీసి పక్కన పెట్టింది.

అయిదో రోజు: మెట్లు

చిరుత భయం వల్ల మధ్యాహ్నం రెండు దాటాక పిల్లలను కాలిబాటన పంపడం లేదని, తెల్లవారుజామునే బయలుదేరాం. అలిపిరి పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి, తలయేరు గుండుకు మోకాళ్లు ఆనించి మొక్కాం. 3,550 మెట్లు. వదిన ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వస్తోంది. నడుం పట్టేస్తే నేను తీసుకుంటున్నాను, నాకు పట్టేస్తే పాప తీసుకుంటోంది.

మొదటి అయిదు వందల మెట్లు అన్న మాట్లాడలేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. టీబీ తగ్గినా కొందరి ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలి ఆయాసం ఉంటుంది. ఆగి ఆగి ఎక్కాడు. ప్రతి మలుపు దగ్గరా చెల్లెలికి కనబడకుండా ఊపిరి పీల్చుకోవాలని చూస్తున్నాడు, నాకు కనబడుతూనే ఉంది. ఏప్రిల్‌లో కాదు, మొదటి నెలలోనే పరీక్ష జరిగి ఉంటే ఆ మచ్చలు ఇంత ఉండేవి కావేమో. పాప మాత్రం ముందు పరుగెత్తి, పైనుంచి పిలిచి, మళ్లీ దిగి వస్తోంది.

2023లో ప్రపంచంలో కోటీ ఎనిమిది లక్షల మందికి టీబీ వచ్చింది, పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. జబ్బు పడినవాళ్లలో నాలుగో వంతుకు పైగా మన దేశంవాళ్లే. ఇండోనేషియా, చైనా, ఫిలిప్పీన్స్, పాకిస్తాన్ తర్వాతి వరసలో ఉన్నాయి. ఈ అంకెలు చదివినప్పుడు నాకు ఎప్పుడూ ఊపిరాడనంత పెద్దగా అనిపించేవి. ఈ పూట, మెట్ల మీద, ఆ అంకెలో మావాళ్లు ఇద్దరున్నారని, పైకి ఎక్కుతున్నారని అనిపించింది.

రెండు వేల మెట్లు దాటాక గాలిగోపురం. అక్కడ మజ్జిగ తాగుతూ కూర్చున్నాం. పక్కన ఒక కుటుంబం, మాటను బట్టి కర్నూలు వైపువాళ్లు. ఆ ఇల్లాలికి నా వయసు ఉంటుంది. చంకలో రెండేళ్ల మనవడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఒకసారి, రెండుసార్లు, ఆగకుండా. భర్త నీళ్లు ఇచ్చాడు. బిడ్డ ఆమె మెడ పట్టుకుని నిద్రపోతున్నాడు.

నేను నోరు తెరిచేలోపే వదిన లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్ల నుంచి అక్కా ఈ దగ్గు?"

"వానాకాలం ముంగట నుంచి. సిరప్పులు తాగుతానే ఉన్నా."

"సాయంత్రం పూట జ్వరం ఉంటుందా? బరువు తగ్గినావా?"

ఆమె గాజులు మోచేతి దాకా జరిపి చూపించింది.

వదిన ఒక్క క్షణం మా వైపు తిరిగింది. తర్వాత పాపను పిలిచి తన ముందు నిలబెట్టుకుని, జడ పక్కకు తీసింది. గడ్డ ఉన్నచోట ఇప్పుడు బఠాణీ గింజంత మిగిలింది. ఆమె వేలు పట్టుకుని దాని మీద పెట్టించింది. "టీబీ అక్కా. మా ఇంట్లో వచ్చింది. ముందు మా ఆయనకి, ఆయన నుంచి ఈ పాపకి. ఇద్దరికీ నయమైపోయింది. పరీక్షకి డబ్బులు కట్టక్కర్లేదు, మందులకీ అక్కర్లేదు. దిగిపోయాక మీ ఊరి ఆశాని పిలిచి తెమడ ఇవ్వు. ఉమ్మి కాదు, తెమడ."

చుట్టూ జనం ఉన్నారు. అన్న తల వంచుకోలేదు. వదిన గొంతు తగ్గించలేదు.

బిడ్డ నిద్రలో కదిలాడు. వదిన వాడి వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ అడిగింది.

"ఇంట్లో ఇంకెవరెవరున్నారు అక్కా?"

ఆమె బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. కొడుకు, కోడలు, ఈ పిల్లోడు, వీడి అక్క, మంచంలో ఉన్న అత్త...